కావడి నీళ్లు

సావనీరు అంటే కవితలుంటాయి, ప్రేమకథలుంటాయి, వెళ్లిపోయే సీనియర్ల వీడ్కోలు మాటలుంటాయి. ఉండాల్సిందే. వాటి మధ్య సినిమా మీద ఒక వ్యాసం ఉంటే సంచిక బరువేమీ తగ్గదని నా నమ్మకం. అయితే నేను రాయబోయేది పోయిన శుక్రవారం రిలీజైన సినిమా గురించి కాదు. మా నాయన కూడా పుట్టకముందు, 1960 నుంచి 1969 దాకా, జపానులో, బ్రెజిల్‌లో, ఇరానులో, ఇటలీలో తీసిన కొన్ని సినిమాల గురించి. ఎక్కడి జపాను, ఎక్కడి అనంతపురం అని మీరడగొచ్చు. ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబే ఈ వ్యాసం.

నేను సైన్సు విద్యార్థిని. సినిమా పండితుణ్ణి కాను. మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఐదెకరాల ఎర్రనేల. మూడెకరాల్లో వేరుశనగ వేస్తాం, మావైపు బుడ్డలంటారు. తక్కిన రెండెకరాల్లో ఒకప్పుడు చీనీతోట ఉండేది. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివాను. ఇంటర్లో ఇంగ్లీషు మీడియం వచ్చి మీద పడింది. నాలాంటి వాళ్లు ఈ కాలేజీలో చాలామందే ఉన్నారు గనుక దాని సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

హాస్టల్లో మా పై గదిలో ఎం.యస్సీ. చదివే అన్న ఒకాయన ఉండేవాడు. రాత్రి పదకొండు దాటాక లాప్‌టాపు ముందు కూర్చుని నలుపు తెలుపు బొమ్మలు చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏమన్నా, రంగు లేదు, పాట లేదు, ఫైటు లేదు. ఏముందని చూస్తాండావు?" ఆయన నవ్వి, "నీకు కింద ఇంగ్లీషు అక్షరాలు చదవాలంటే కష్టం గదా. మాటలే లేని సినిమా ఒకటి ఉంది, చూస్తావా?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకొని పంతానికి కూర్చున్నాను.

ఆ సినిమా పేరు 'నగ్న ద్వీపం'. 1960లో జపానులో కనెటో షిందో తీశాడు. కథ చెప్పమంటే రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. సముద్రం మధ్య ఒక చిన్న దీవి. దాని మీద ఒకే ఒక్క సంసారం. మొగుడు, పెళ్లాం, ఇద్దరు మగపిల్లలు. దీవి నిండా నిట్టనిలువు గట్టు, గట్టు మీద చేను. తాగడానికి గానీ, చేనికి గానీ దీవిలో మంచినీళ్లు లేవు. పక్క దీవికి పడవ వేసుకొని పోవాలి. బకెట్లలో నీళ్లు నింపుకోవాలి. తెడ్డు వేసుకుంటూ తిరిగి రావాలి. కావడి భుజానికెత్తుకొని గట్టెక్కాలి. ఒక్కో మొక్క మొదట్లో ఇంత పోయాలి. బకెట్లు ఖాళీ అవుతాయి. మళ్లీ పడవ.

గంటన్నర సినిమాలో ఎక్కువ భాగం ఇదే. భార్యాభర్తలు ఒక్క మాట మాట్లాడుకోరు. మొదటి పావుగంట నాకు విసుగు పుట్టింది. "ఇంకెంతసేపన్నా, ఈ నీళ్లు మోసేది?" అన్నాను. "నీళ్లు చాలేదాకా" అన్నాడాయన. ఆ తరవాత ఎప్పుడు నోరు మూసుకున్నానో నాకే తెలియదు. మొక్క మొదట్లో పోసిన నీళ్లను కెమెరా దగ్గరగా చూపిస్తుంది. పోసిన క్షణం చిన్న మడుగు. మరుక్షణం తడి మచ్చ. నేల తాగేసింది. ఆ ఆమె పక్క మొక్కకు జరుగుతుంది. ఆ తాగే నేలను నేను చూశాను. ఆ చప్పుడు నాకు తెలుసు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా బోరు ఎండిపోయింది. కాపుకొచ్చిన చీనీచెట్లు కళ్ల ముందే ముడుచుకుపోతున్నాయి. నాలుగుసార్లు ట్యాంకరు తోలించారు. తరవాత డబ్బులు లేవు. అప్పుడు మా అమ్మా నాయనా గట్టు వెంబడి ఉన్న నలభై చెట్లను మాత్రం కాపాడుదామని తీర్మానం చేసుకున్నారు. మిగతావాటిని వదిలేశారు. ఏ చెట్టుకు నీళ్లు పోయాలి, ఏ చెట్టును ఎండనియ్యాలి అని మా నాయన తోటంతా తిరిగి ఒక్కో చెట్టు మీద చెయ్యి వేసి చెప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. అర మైలు దూరంలో వేరేవాళ్ల బోరు. రోజుకు పది చెట్లు, చెట్టుకు రెండు బిందెలు. బిందెకు పదిహేను లీటర్లు వేసుకుంటే రోజుకు మూడు వందల కిలోలు. నాయన కావడితో, అమ్మ నెత్తిన ఒకటి, చంకన ఒకటి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సైన్సు మిత్రులకు తెలిసిందే. భౌతికశాస్త్రంలో 'పని' అంటే బలాన్ని, ఆ బలం దిశలో జరిగిన దూరంతో గుణించడం. బిందె నెత్తిన పెట్టుకొని చదునైన నేల మీద ఒకే వేగంతో నడిస్తే, బరువును మోసే బలం పైకి, నడక పక్కకు. రెండింటి మధ్య తొంభై డిగ్రీలు. కనుక బిందె మీద చేసిన పని సున్న. అర మైలు నడిచినా సున్న, ఆరు మైళ్లు నడిచినా సున్న. లెక్క తప్పేం కాదు, ఆ నిర్వచనం ప్రకారం అది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఈ పాఠం చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ సున్న నాలో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

షిందో సినిమా ఆ సున్నను గంటన్నరసేపు చూపించింది. దాన్ని కోసెయ్యలేదు. పాట పెట్టి పరిగెత్తించలేదు. ఒక మనిషి భుజం మీద బరువు ఎలా ఊగుతుందో, మెట్టు మెట్టుకూ పాదం ఎలా తడుముకుంటుందో, ఒక్క చుక్క ఒలకకుండా నడుము ఎలా నిలుస్తుందో చూపించింది. మన సినిమాల్లో రైతు లేడా అంటే ఉన్నాడు. 1955లో వచ్చిన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటను మా తాత ఇప్పటికీ పాడతాడు. ఆ పాట బాగుంటుంది. కానీ పాటలో దున్నడం పాట అయ్యేలోగా అయిపోతుంది. చేనిలో అట్లా కాదు గదా.

తరవాత తెలిసిన సంగతులు కొన్ని చెబుతాను. షిందో 1912లో హిరోషిమా జిల్లాలో భూమి ఉన్న ఇంట్లోనే పుట్టాడు. వాళ్ల నాన్న ఎవరి అప్పుకో జామీను ఉండి భూమంతా పోగొట్టుకున్నాడు. తల్లి కూలికి పోయింది. ఆయన చిన్నతనంలోనే ఆమె చనిపోయింది. జామీను సంతకాలతో భూములు పోయిన ఇళ్లు మా ఊళ్లో వెతకనక్కర్లేదు. ఈ సినిమా తీసేనాటికి షిందో సొంత సంస్థ దివాలా అంచున ఉంది. ఉన్న కొద్ది డబ్బుతో, చిన్న బృందంతో, మనుషులు లేని దీవికి పోయి తీశాడు. 1961లో మాస్కో చలనచిత్రోత్సవంలో అది మరో సినిమాతో కలిసి అగ్ర బహుమతి పంచుకుంది. చాలా దేశాలు కొనుక్కున్నాయి, సంస్థ నిలబడింది. షిందో నూరేళ్లు బతికి 2012లో పోయాడు.

పోయిన వేసవి సెలవుల్లో ఒక స్నేహితుడి లాప్‌టాపు అడిగి తీసుకొని ఇంటికి పోయాను. మా అమ్మ విత్తనానికి బుడ్డలు ఒలుస్తోంది. "మాటల్లేని సినిమా ఒకటి చూపిస్తా, చూడమ్మా" అన్నాను. "మూగోళ్ల సినిమానా?" అంది. గూట్లో లాప్‌టాపు పెట్టాను. చాలాసేపు ఒలుస్తూనే చూసింది. కావడి గట్టెక్కేటప్పుడు మాత్రం చేతులు ఆగాయి. "ఆయమ్మకు బద్ద ఒత్తుకుంటాంది సూడు. గుడ్డ పెట్టుకోవల్ల" అంది. అప్పటికి మా నాయన చేని నుంచి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

సినిమాలో ఒకచోట ఆమె కాలు జారుతుంది. ఒక బకెట్టు నీళ్లు ఒలికిపోతాయి. భర్త కావడి దించి, దగ్గరికి వచ్చి, చెంప మీద కొడతాడు. అంతే. ఎవరూ మాట్లాడరు. ఇద్దరూ మిగిలిన నీళ్లతో మళ్లీ పనికి పోతారు. అక్కడ మా అమ్మ తల తిప్పి మా నాయన వైపు చూసింది. కాసేపటికి ఆయనే అన్నాడు, "ఆ మనిషి చెడ్డోడు కాదులే. నీళ్లు దూరం గదా."

"నీళ్లు దూరమైతే ఆయమ్మకు గూడా దూరమే గదా" అంది అమ్మ.

నాయన ఏమీ అనలేదు. ఆ పూట మా ఇంట్లో ఇంకెవరూ ఏమీ అనలేదు. వాళ్లిద్దరి మధ్య ఆ ఎండాకాలంలో ఏం జరిగిందో నేనడగలేదు. ఇరవై ఏళ్ల సంసారంలో వాళ్లు ఎన్నడూ మాట్లాడుకోని సంగతి ఒకటి, జపానువాడు అరవై ఏళ్ల కింద తీసిన బొమ్మ దగ్గర రెండు మాటల్లో బయటికి వచ్చింది. సినిమాకు ఇంతకన్నా గొప్ప ఉపయోగం ఏదైనా ఉందేమో నాకు తెలియదు.

చివర్లో ఆ తల్లి పెద్దకొడుకు జ్వరంతో చనిపోతాడు. తండ్రి పడవ వేసుకొని డాక్టరును తీసుకొచ్చేసరికి అయిపోతుంది. తరవాత ఒకరోజు నీళ్లు పోస్తూ పోస్తూ ఆమె బకెట్టు తన్నేసినట్టు వంపేసి, మొక్కల్ని పెరికేస్తూ నేలమీద పడి ఏడుస్తుంది. భర్త నిలబడి చూస్తాడు. ఈసారి కొట్టడు. అక్కడ మా అమ్మ నాకంటే ముందే చెప్పేసింది: "పెరికితే పెరికింది గానీ, లేసి మళ్లా నీళ్లు పోస్తాది సూడు." అట్లాగే పోసింది.

ఇది చూశాక నాకు ఆకలి పుట్టింది. సీనియరన్న దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటే అడిగి తీసుకున్నాను. సబ్‌టైటిళ్లు వేగంగా పోతే ఆపి, చదివి, మళ్లీ నడిపించేవాణ్ణి. రెండు గంటల సినిమా నాకు నాలుగు గంటలు పట్టేది. దాంతో కొంత ఇంగ్లీషు కూడా వచ్చింది. అది అదనపు లాభం.

బ్రెజిల్ దేశంలో ఈశాన్యాన మన రాయలసీమలాంటి కరువు నేల ఉంది. 1963లో నెల్సన్ పెరైరా దొస్ శాంతొస్ 'ఎండిన బతుకులు' అనే సినిమా తీశాడు. గ్రాసిలియానో రామోస్ 1938లో రాసిన నవల దానికి ఆధారం. ఫాబియానో అనే పశువుల కాపరి, భార్య, ఇద్దరు పిల్లలు, బలేయా అనే కుక్క కరువులో నడిచిపోతూ కనిపిస్తారు. ఎండను తగ్గించి అందంగా చూపే ఫిల్టర్లు లెన్సుకు పెట్టకుండా తీశారు. అందుకే తెరంతా తెల్లగా మండిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం చేనిలో నిలబడి చూస్తే లోకం ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంటుంది. సంగీతం బదులు ఎద్దులబండి చక్రం కిర్రుమనే చప్పుడు.

ఏడాది పని చేశాక ఫాబియానో యజమాని దగ్గరికి లెక్క చూసుకోవడానికి పోతాడు. ఇంట్లో భార్య వేసిన లెక్క ఒకటి. అక్కడ యజమాని చెప్పిన లెక్క ఒకటి. తేడా ఏమిటంటే వడ్డీ అంటాడు. అది విని ఫాబియానో టోపీ చేతిలో పట్టుకొని నిలబడే తీరు ఉంది చూశారూ, మండీలో చీట్టీ అందుకొని నిలబడే మనుషుల్ని చూసినవాళ్లకు దాన్ని వివరించనక్కర్లేదు. అదే సినిమాలో పెద్దపిల్లవాడు నరకమంటే ఏమిటని తల్లిని అడుగుతాడు. చెడ్డచోటు అంటుంది. నువ్వు చూశావా అంటాడు. మొట్టికాయ పడుతుంది. పిల్లవాడు బయటికి పోయి చుట్టూ ఎండిన నేలను చూస్తూ ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంటాడు. దర్శకుడు ఇంకేమీ చెప్పడు.

ఇరాను దేశపు సినిమా 'ఆవు' 1969లో దారియుష్ మెహర్జుయీ తీశాడు. ఊరు మొత్తానికి ఉన్నది ఒకే ఆవు. అది మష్త్ హసన్‌ది. చూడి ఆవు. అతను ఊళ్లో లేనప్పుడు అది చనిపోతుంది. ఊరివాళ్లు దాన్ని పాతిపెట్టి, తప్పిపోయిందని అబద్ధం చెబుతారు. హసన్ నమ్మడు. కొట్టంలో చేరి గడ్డి తింటాడు. తానే ఆవునంటాడు. ప్రభుత్వ సొమ్ముతో తీసిన ఆ సినిమాను ప్రభుత్వమే తొక్కిపట్టింది. దేశంలోని పేదరికం కనబడుతోందని. 1971లో దొంగతనంగా వెనిస్ ఉత్సవానికి చేరాక ప్రపంచం చూసింది.

ఇది మాత్రం మా నాయనకు చూపించలేదు. నేను ఈ కాలేజీలో చేరిన ఏడాది మా కాడెద్దుల్ని అమ్మేశారు. ఫీజుకు, హాస్టలుకు ఆ డబ్బే. చేనికి ఇప్పుడు ట్రాక్టరు బాడుగకు వస్తుంది. కొట్టం ఖాళీ. అయినా మా నాయన పొద్దున్నే లేచి కొట్టం ఊడుస్తాడు. ఎందుకని మేమెవ్వరం అడగం. ఆయన హసన్‌ను చూడనక్కర్లేదు.

ఇంతకూ ఈ సినిమాలన్నిటిలో నాకు కనబడ్డ పోలిక ఏమిటి? కెమిస్ట్రీ ల్యాబులో సాల్టు అనాలిసిస్ చేసినవాళ్లకు రికార్డులో మూడు గడులు తెలుసు. ఎక్స్‌పెరిమెంటు, అబ్జర్వేషను, ఇన్ఫరెన్సు. మేము పరీక్షనాళికలో తెల్లటి అవక్షేపం కనబడగానే అబ్జర్వేషను గడిలోనే 'సీసం' అని రాసేస్తుంటాం. లెక్చరరుగారు కోప్పడతారు. "కనబడింది తెలుపు. తెలుపని రాయి. సీసమో కాదో తరవాత గడిలో తేలుద్దాం." మామూలుగా మనం చూసే సినిమాలు మూడో గడి నింపి మన చేతికిస్తాయి. వీడు మంచివాడు, వీడు చెడ్డవాడు, ఇక్కడ ఏడవండి అని వాయిద్యాలు చెబుతాయి. ఈ సినిమాలు రెండో గడిని శ్రద్ధగా నింపి, మూడోదాన్ని మనకు వదిలేస్తాయి. అందుకే మొదట్లో కష్టంగా ఉంటాయి. అందుకే ఆ చెంపదెబ్బ దగ్గర మా అమ్మ ఒక ఇన్ఫరెన్సు రాసింది, మా నాయన ఒకటి రాశాడు.

అన్నీ నాకు నచ్చాయని అంటే అబద్ధం. ఇటలీ దర్శకుడు అంతొనియోనీ 1960లో తీసిన 'లవ్వెంతూరా' ఒకసారి రూములో అందరికీ పెట్టాను. ఒక దీవిలో ఒక అమ్మాయి కనబడకుండా పోతుంది. అందరూ వెతుకుతారు. కాసేపటికి సినిమా ఆమెను మరిచిపోతుంది. చివరి దాకా దొరకదు! "పోలీసులేం చేస్తాండారప్పా?" అని ఒకడు, "సెకండు పార్టు ఉంటుందిలే" అని ఒకడు. నన్ను నెల రోజులు ఏడిపించారు. తరవాత చదివితే తెలిసింది, ఆ ఏడాది కాన్ ఉత్సవంలో పెద్ద పెద్ద కోట్లు వేసుకున్నవాళ్లు కూడా ఆ సినిమాకు గోలచేశారట. అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతి కూడా ఇచ్చారు. కాబట్టి మా హాస్టలు అభిరుచి మరీ తీసిపోయిందేం కాదు. ఫెలీనీ తీసిన 'ఎనిమిదిన్నర' (1963) రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ నిద్రపోయాను. సినిమా తీయలేక బాధపడే దర్శకుడి కష్టం నాకింకా అందలేదు. ఎప్పుడో అందుతుందేమో.

అసలు ఆ పదేళ్లలోనే ఇన్ని దేశాల్లో ఇట్లాంటి సినిమాలు ఎందుకొచ్చాయి? నాకు తోచిన కారణాల్లో ఒకటి యంత్రాలది. చేత్తో పట్టుకొనే తేలిక కెమెరాలు, భుజాన వేసుకొనే టేపు రికార్డర్లు, తక్కువ వెలుతురులో పనిచేసే ఫిల్ము వచ్చాయి. స్టూడియో గోడలు అక్కర్లేకుండా పోయాయి. 1959లో ఫ్రాన్సులో గొదార్ 'బ్రెత్‌లెస్' తీసినప్పుడు రాత్రి దృశ్యాలకు సినిమా ఫిల్ము చాలక, స్టిల్ కెమెరాలకు వాడే ఇల్ఫర్డ్ ఫిల్ము ముక్కల్ని అతికించి వాడారు. ట్రాలీకి బదులు చక్రాల కుర్చీలో కెమెరామన్‌ను కూర్చోబెట్టి తోశారు. ఇది చదివి నేను ఆనందపడ్డాను. పగిలిన బీకరును పక్కనపెట్టి గాజుగ్లాసులో ప్రయోగం చేసే మనలాంటివాళ్లే వాళ్లూ!

రెండో కారణం చూసేవాళ్లది. యుద్ధం ముగిసి, వలస రాజ్యాలు కూలి, కొత్త దేశాలు తమ మొహం తాము చూసుకోవాలనుకున్న కాలం. మన దేశంలోనూ అంతే. 1959లో ఫిల్ము సొసైటీల సమాఖ్య ఏర్పడింది. సత్యజిత్ రాయ్ దానికి అధ్యక్షుడు. 1960లో ఫిల్ము ఫైనాన్సు కార్పొరేషను వచ్చింది. 1964లో పూనాలో జాతీయ ఫిల్ము ఆర్కైవు పెట్టారు. ఊరూరా ఒక అద్దె హాలు, ఒక ప్రొజెక్టరు, నెలకో సినిమా, తరవాత టీ తాగుతూ వాదన. రష్యా సినిమా, జపాను సినిమా డబ్బాల్లో రైలెక్కి వచ్చేవి. ఈనాడు అవే సినిమాలు మన జేబులో ఫోనులో దొరుకుతాయి. దొరకనిది పక్కన కూర్చుని వాదించే మనిషే.

"ఇవన్నీ మేధావుల సినిమాలు, కడుపు నిండినవాళ్లు కరువును చూసి ఆనందించడానికి" అని ఒక మిత్రుడు నాతో గొడవపడ్డాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. ఉత్సవాల్లో చప్పట్లు కొట్టేవాళ్లలో ఎంతమంది నీళ్లు మోశారు? కానీ నా అనుభవం వేరు. వంద పుస్తకాలు చదివిన మనిషికి పట్టని ఆ భుజంమీది గుడ్డ సంగతి, బడి ముఖం చూడని మా అమ్మకు పట్టింది. ఈ సినిమాలు ఎవరివో చెప్పాలంటే ముందు అందరికీ చూపించాలి గదా. చూపించకుండానే 'మనవాళ్లకు ఎక్కవు' అనేవాళ్లు మనవాళ్లను తక్కువ చేస్తున్నారు. మన తెలుగులోనూ ఇట్లాంటి ప్రయత్నం జరగలేదా? ప్రేమ్‌చంద్ కథను తీసుకొని మృణాల్ సేన్ 1977లో 'ఒక ఊరి కథ' తెలుగులోనే తీశాడు. మన క్లాసులో ఆ పేరు విన్నవాళ్లు ఎందరని అడిగితే రెండు చేతులు లేచాయి.

చివరగా ఒక సినిమా. ఇది రైతులది కాదు, మనది. ఇటలీలో ఎర్మానో ఓల్మీ 1961లో తీసిన 'ఇల్ పోస్తో'. అంటే ఉద్యోగం. దొమేనికో అనే కుర్రవాడు చిన్న ఊరి నుంచి మిలాను నగరానికి ఒక పెద్ద కంపెనీ పరీక్ష రాయడానికి పోతాడు. లెక్క చెయ్యమంటారు. గుంజీళ్లు తియ్యమంటారు. అర్థంలేని ప్రశ్నలడుగుతారు. ఆ ఉద్యోగం వస్తే జన్మంతా భద్రం అని తల్లిదండ్రుల ఆశ. కొన్నాళ్లు ప్యూను పని. తరవాత ఒక గుమాస్తా చనిపోతే ఒక టేబులు ఖాళీ అవుతుంది. పాత గుమాస్తాలు ముందు టేబులు కోసం తగువులాడి తలా ఒక అడుగు ముందుకు జరుగుతారు. దొమేనికోకు చిట్టచివరి టేబులు దొరుకుతుంది. కాపీలు తీసే యంత్రం ఒకటే మోతగా ఆడుతుంటుంది. అతని ముఖం చూపిస్తూ సినిమా అయిపోతుంది. ఓల్మీ కూడా అంతకుముందు ఒక పెద్ద కంపెనీలో పనిచేసినవాడే. పదిహేడేళ్ల తరవాత ఆయనే రైతుల మీద 'చెక్క చెప్పుల చెట్టు' తీసి 1978లో కాన్‌లో అగ్ర బహుమతి అందుకున్నాడు.

ఆ సినిమా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయన ఫోనులో ప్రతిసారీ ఒకటే అంటాడు. "నువ్వు కుర్చీలో కూర్చుంటే చాలు నాయనా. ఈ చేను నాతోనే ఆఖరు." నేను కూడా బ్యాంకు పరీక్షకు అప్లికేషను పెట్టాను. తిరిగి చేనికే పోతానని ఇక్కడ శపథం చెయ్యను. చేస్తే చప్పట్లు పడతాయేమో గానీ, మా నాయనే ఒప్పుకోడు. ఎద్దుల్ని అమ్మింది నన్ను చేని నుంచి బయట పడెయ్యడానికే. అయితే ఒక ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. చేను ఆయనతోనే ఆఖరైతే, ఆ పని తెలిసిన కళ్లు కూడా ఆయనతోనే ఆఖరా? ఏ చెట్టును బతికించాలో చెయ్యి వేసి చెప్పే ఆ తెలివి, ఒలకకుండా అర మైలు నడిచే ఆ నడక, ఇవి ఏ రికార్డులో ఉంటాయి? షిందో తల్లి పని జపానులో ఒక రీలు మీద ఉంది. మా అమ్మ పని పాఠ్యపుస్తకంలో సున్న కింద ఉంది.

నేను సినిమా తీస్తానని చెప్పడం లేదు. కుర్చీలో కూర్చున్నా, క్యూలో నిలబడ్డ మనిషి భుజాన్ని చూడగలిగే చూపు పోగొట్టుకోకూడదని మాత్రం అనుకుంటున్నాను. ఆ చూపు నాకు ఇంట్లోనే ఉండింది. అది విలువైనదని చెప్పింది ఈ సినిమాలు.

విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి. మన సెమినారు హాల్లో ప్రొజెక్టరు ఉంది. తెర ఉంది. ఏడాదిలో పది రోజులు తప్ప ఖాళీగా ఉంటుంది. నెలకొక శనివారం సాయంత్రం ఒక సినిమా వేద్దాం. హక్కులు, అనుమతులు అడిగి పద్ధతిగానే వేద్దాం. ముందు ఒకరు లేచి ఐదు నిమిషాలు తెలుగులో ఆ సినిమా సంగతి చెప్పాలి, తరవాత అరగంట వాదించుకోవాలి. మొదటిది 'నగ్న ద్వీపం' అయితే మంచిది. అందులో మాటలు లేవు గనుక ఇంగ్లీషుకు భయపడి ఎవరూ వెనక వరసలో కూర్చోనక్కర్లేదు. వీలైతే ఆ రోజు మెస్సులో వంటచేసే అమ్మలను, తోటపని చేసే పెద్దాయనను కూడా పిలుద్దాం, ముందు వరసలో కుర్చీలు వేద్దాం. సినిమా అయ్యాక మొదటి మాట వాళ్లనే మాట్లాడమందాం. మూడో గడి వాళ్లెట్లా నింపుతారో వినాలని నాకు చాలా ఆశగా ఉంది.